చెయ్యి కదిలిందా, ఎవరైనా కదిపారా?

(ఫిజియోథెరపీ, ఇంజనీరింగ్ విద్యార్థులూ, ఊళ్ళోవాళ్ళూ కలిసి వచ్చిన సభలో ఒక రోబోటిక్స్ పరిశోధకుడు మాట్లాడినది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, తక్కినదంతా ఆయన మాటల్లోనే.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, ఫర్వాలేదు, నేనేం ప్రశ్నలు అడగను. అంటే, ఒకటి రెండు అడుగుతాను.

వస్తూ అడిగి తెలుసుకున్నాను, ఎవరెవరు వచ్చారని. ఫిజియోథెరపీ పిల్లలు ఈ పక్కన కూర్చున్నారు, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఆ పక్కన. మధ్యలో పెద్దవాళ్ళు. చూశారా, ఎవరూ చెప్పకుండానే విడివిడిగా కూర్చున్నారు! మా రంగంలో సగం బాధలు ఇక్కడి నుంచే వస్తాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటి ప్రశ్న. "రోబోతో మోకాలి మార్పిడి" అని రాసిన హోర్డింగు చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యీ లేవలేదు. హైదరాబాదులో అయితే ఫ్లైఓవరుకొకటి ఉంటుంది. ఆ బొమ్మ చూస్తే మనకేమనిపిస్తుంది? డాక్టరుగారు పక్కన చేతులు కట్టుకుని నిలబడితే రోబో కోసేసి, కుట్టేసి, సారీ అండీ, మాట కొంచెం మొరటుగా వచ్చింది, పని మొత్తం అదే పూర్తిచేసేస్తుందనిపిస్తుంది. ఇందులో నిజం చాలా తక్కువ. ఎంత తక్కువో చెప్పడానికే నేనొచ్చాను. రోబో చాలా పని చెయ్యగలదు, అందులో సందేహం లేదు. కానీ వైద్యంలో దాని గొప్పదనం ఎంత చేస్తుందన్న దాంట్లో లేదు, ఎక్కడ ఆగుతుందన్న దాంట్లో ఉంది. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటే.

మా రంగంలో మూడు పాయలున్నాయి. జబ్బు చేసి పోయిన కదలికను తిరిగి నేర్పే రోబోలు ఒకటి, అంటే రీహాబిలిటేషన్. ఇక తిరిగిరాని కదలికకు బదులు పనిచేసిపెట్టే రోబోలు రెండోది. సర్జన్ చేతికి తోడుండే రోబోలు మూడోది. హోర్డింగులెక్కింది మూడోదే. నాకిష్టమైనది మొదటిది. అందుకని దాని గురించే ఎక్కువ మాట్లాడతాను, ముందే చెప్పేస్తున్నాను.

పక్షవాతం వస్తే మనం ఏమంటాం? "చెయ్యి పడిపోయింది" అంటాం. నిజానికి చేతికి ఏమీ కాలేదు. ఎముక బాగానే ఉంది, కండ బాగానే ఉంది. మెదడులో ఒక మూల రక్తం అందక, ఆ చేతికి కబురు పంపే కణాలు చచ్చిపోయాయి. చచ్చిన కణాలు తిరిగి రావు. మరి కొందరికి చెయ్యి మళ్ళీ ఎలా స్వాధీనంలోకి వస్తోంది? పక్కనున్న కణాలు ఆ పని నేర్చుకుంటాయి. 1996లో అమెరికాలో రాండాల్ఫ్ న్యూడో బృందం చిన్న జాతి కోతుల మీద ఒక ప్రయోగం చేసింది. చేతిని నడిపించే మెదడు భాగంలో కొంచెం దెబ్బతిన్న కోతుల చేత చిన్న చిన్న గుంటల్లోంచి తిండి గింజలు తీయించారు. రోజూ అదే పని. సాధన లేకపోతే, దెబ్బ తగిలిన చోటు పక్కన చేతి కోసం ఉన్న మెదడు ప్రాంతం కూడా కుంచించుకుపోతుంది. సాధన చేసినవాటిలో అది నిలబడింది. కొన్నిటిలో అయితే మోచెయ్యి, భుజం తాలూకు జాగాలోకి కూడా పాకింది.

అంటే ఏం కావాలి? సాధన కావాలి. మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ.

ఇప్పుడు ఈ పక్కవాళ్ళని అడుగుతాను. ఒక పేషెంటుకి ఒక్క సిట్టింగులో చేతిని ఎన్నిసార్లు పనిచేయిస్తారు? యాభై? వంద? నిజం చెప్పండి, మీ మేడమ్ ఇక్కడ లేరు. అమెరికాలో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలి బృందం థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టింది. 2009లో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటున ఒక సిట్టింగులో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు 32. ముప్ఫై రెండు, అంతే. జంతువుల మీద ప్రయోగాల్లో రోజుకి వందల్లో చేయిస్తారు. థెరపిస్టు తప్పు కాదండీ ఇది. బరువైన చేతిని ఎత్తి పట్టుకుని వందసార్లు కదిపితే ముందు థెరపిస్టు భుజం పట్టేస్తుంది. పైగా తర్వాతి పేషెంట్లు బయట వరసలో కూర్చుని ఉంటారు.

ఇదిగో, ఈ ఖాళీలోకే రోబో వచ్చింది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, మనందరికీ తెలిసిన ఎమ్‌ఐటీ. అక్కడ నెవిల్ హోగన్ అని ఒక ప్రొఫెసర్, ఐర్లండ్ నుంచి వచ్చినాయన. ఆయనా, హెర్మానో ఇగో క్రెబ్స్ అనే ఇంకొకాయనా కలిసి 1989 ప్రాంతంలో ఒక యంత్రం మొదలుపెట్టారు. పేరు ఎమ్‌ఐటీ-మానస్. 1994లో న్యూయార్క్ రాష్ట్రంలో బర్క్ అనే పునరావాస ఆసుపత్రిలో పేషెంట్లతో వాడటం మొదలైంది.

చూడటానికి ఏముండదు. ఒక బల్ల. బల్ల మీద రెండు కీళ్ళున్న ఇనపచెయ్యి, బల్లకు సమాంతరంగా అటూ ఇటూ తిరుగుతుంది. పేషెంటు కుర్చీలో కూర్చుంటే ముంజేతిని ఒక దోనెలాంటి దాంట్లో పెట్టి పట్టీలు బిగిస్తారు. ఎదురుగా తెర. తెర నడుమ ఒక చుక్క, చుట్టూ గుండ్రంగా ఎనిమిది చుక్కలు. నడిమి నుంచి ఒక్కో చుక్కకీ దూరం 14 సెంటీమీటర్లు. చుక్క వెలుగుతుంది, చెయ్యి అక్కడికి వెళ్ళాలి, మళ్ళీ నడిమికి రావాలి. తర్వాత పక్క చుక్క. అంతే ఆట.

"ఇందులో ఏముంది, మా కాలేజీ ల్యాబులో ఉన్న రోబో కూడా చుక్క నుంచి చుక్కకి వెళుతుంది కదా" అని ఆ పక్కవాళ్ళు మనసులో అనుకుంటున్నారు. వెళుతుంది. కార్ల ఫ్యాక్టరీలో రోబోకి ఏం చెబుతాం? ఫలానా చోటికి ఫలానా సమయానికి చేరమంటాం. దారిలో ఏమడ్డొచ్చినా దాన్ని తోసుకునైనా చేరుతుంది. దారిలో అడ్డొచ్చింది అరవయ్యేళ్ళ పెద్దాయన బిగుసుకుపోయిన భుజం అయితే?

హోగన్ 1985లోనే దీని మీద మూడు భాగాలుగా పేపర్లు రాశాడు. ఇంపీడెన్స్ కంట్రోల్ అంటారు. విషయం చాలా సులువు. రోబోకి "ఎక్కడికి వెళ్ళు" అని మాత్రమే చెప్పొద్దు, "నిన్ను ఎవరైనా తోస్తే ఎంత లొంగు" అని కూడా చెప్పు. రోబో చేతిలో ఒక స్ప్రింగు ఉందనుకోండి, అది ఎంత గట్టిదో, ఎంత మెత్తదో మనం ప్రోగ్రాములో మార్చుకోవచ్చన్నమాట. మెత్తగా పెడితే పేషెంటు ఎటు తోస్తే అటు వెళుతుంది, గట్టిగా పెడితే దారికి తెస్తుంది. ప్రోగ్రాము ఒక్కటే చాలదు, ఇనుము కూడా అలా తయారవ్వాలి. పెద్ద గేర్లు పెడితే మోటారు వైపు నుంచి తిరుగుతుంది కానీ చేతి వైపు నుంచి తిప్పలేం. అందుకని మానస్‌లో గేర్లు లేకుండా మోటార్లు నేరుగా తిప్పేలా కట్టారు. కరెంటు తీసేసినా చిటికెన వేలితో కదపగలిగేలా ఉండాలి. ఇంజనీరింగ్ పిల్లలూ, ఇది రాసుకోండి. ప్రాజెక్టు వైవాలో మొదట అడిగేది ఇదే.

1997లో వచ్చిన మొదటి ఫలితాల్లో రోబోతో సాధన చేసినవాళ్ళకి భుజం, మోచెయ్యి మరింత బాగుపడ్డాయి. మణికట్టు, వేళ్ళు? వాటిలో తేడా లేదు. ఎందుకుంటుంది? ఆ రోబో వాటిని పనిచేయించలేదుగా! ఏ కీలుకి సాధన ఇస్తే ఆ కీలే బాగుపడుతుంది. మెదడు దగ్గర ఉచితంగా ఏదీ రాదు.

సరే, ఇప్పుడు అసలు చిక్కుకొస్తాను. కొంచెం జాగ్రత్తగా వినండి.

మన ఇళ్ళల్లో అక్షరాభ్యాసం చేస్తాం. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టుకుని తండ్రి దిద్దిస్తాడు. అక్షరం పడుతుంది. ఫోటో కూడా వస్తుంది. ఆ అక్షరం ఎవరు రాశారు? పిల్లాడు అటెటో చూస్తుంటాడు, బియ్యం నోట్లో పెట్టుకుందామా అని ఆలోచిస్తుంటాడు. వేలు మాత్రం తిరుగుతుంది. ఆ పూటకి పిల్లాడికి అక్షరం వచ్చేసిందని మనమెవరం అనుకోం. రోబో దగ్గరకొచ్చేసరికి మాత్రం అనుకున్నాం! చెయ్యి చుక్క దాకా వెళ్ళింది కదా, సాధన జరిగినట్టే అనుకున్నాం.

మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి ఇది చూపిస్తాను. ఏ జబ్బూ లేని కుర్రాణ్ణి కూర్చోబెట్టి, సాయం పూర్తిగా పెట్టి, "ఆడు బాబూ" అంటాం. మొదట్లో కష్టపడి తోస్తాడు. కాసేపయ్యాక తెర మీద స్కోరు తగ్గదు, కానీ పిడి కింద, వాడెంత బలంతో తోస్తున్నాడో కొలిచే ఫోర్సు సెన్సరు చూస్తే అంకె జారిపోతూ ఉంటుంది. జారి జారి సున్నా దగ్గర కూర్చుంటుంది. అడిగితే "లేద్సార్, నేనే ఆడుతున్నాను" అంటాడు. అబద్ధం కాదండీ, నిజంగానే వాడు అలా అనుకుంటున్నాడు. మన ఒళ్ళు అంత పొదుపరి. పని జరిగిపోతుంటే బలం ఖర్చుపెట్టదు. కాలిఫోర్నియాలో డేవిడ్ రైన్‌కెన్స్‌మైయర్ బృందం ఈ సంగతిని లెక్కల్లో చూపించింది. తప్పు జరగనంతసేపూ మనిషి తన ప్రయత్నాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోతాడు.

నడిపించే రోబోల దగ్గర ఇది ఇంకా బాగా బయటపడింది. జ్యూరిక్‌లో బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రిలో పుట్టిన లోకోమాట్ అని ఒకటుంది. పేషెంటుని బెల్టులతో పైనుంచి వేలాడదీసి, కాళ్ళకి మోటార్ల చట్రం తొడిగి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తుంది. చూస్తే కళ్ళు చెమరుస్తాయి. పడిపోయిన మనిషి నడుస్తున్నాడు! 2009లో జోసెఫ్ హిడ్లర్ బృందం అమెరికాలో పక్షవాతం వచ్చి కొన్ని నెలలే అయినవాళ్ళని రెండు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టు లోకోమాట్ మీద, ఒక జట్టు మామూలుగా థెరపిస్టులతో. ఎవరు ఎక్కువ బాగుపడ్డారంటారు? థెరపిస్టుల జట్టు. నడక వేగంలోనూ, నడిచిన దూరంలోనూ వాళ్ళే ముందున్నారు. అంతకు ముందే ఇంకో బృందం కొలిచింది, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు రోబోలో నడిచేటప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తి థెరపిస్టు పట్టుకుని నడిపించినప్పటికన్నా తక్కువని. చట్రం నడుస్తోంది, మనిషి ప్రయాణం చేస్తున్నాడు.

మరేం చెయ్యాలి? సాయం చేస్తూ చేస్తూ తగ్గించాలి. ఇప్పుడు మేం రాసే ప్రోగ్రాముల్లో రెండు భాగాలుంటాయి. పేషెంటు దారి తప్పితే సాయం కొంచెం పెరుగుతుంది. తప్పకపోతే దానంతటదే ప్రతి అడుగుకీ కొంచెం కొంచెం తగ్గిపోతుంది. ఆ తగ్గించే అంకె ఒకటికి కాస్త తక్కువ, ప్రతిసారీ సాయాన్ని దానితో గుణిస్తాం. ఆ కాస్త ఎంత అన్నదే మా పీహెచ్‌డీలన్నీ! త్వరగా తగ్గిస్తే పేషెంటు విసిగిపోతాడు, మెల్లగా తగ్గిస్తే నిద్రపోతాడు. ఇది పుస్తకంలో దొరకదు. ఇదిగో, ఈ పక్కన కూర్చున్నవాళ్ళని అడగాలి. అనుభవమున్న థెరపిస్టు చెయ్యి పట్టుకున్న తీరు చూడండి, ఎప్పుడు వదులుతుందో ఆవిడకే తెలియకుండా వదులుతుంది. మేం ఆ చేతికి సెన్సర్లు తొడిగి నేర్చుకోవాలి. అందుకే అన్నాను, విడివిడిగా కూర్చోవద్దని.

పెద్ద పరీక్షల సంగతి కూడా చెప్పాలి, దాచకూడదు. 2010లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 127 మందితో మానస్‌ని పరీక్షించారు. అందరికీ స్ట్రోక్ వచ్చి కనీసం ఆరు నెలలైంది, చాలామందికి ఏళ్ళు గడిచాయి. 12 వారాల్లో 36 సిట్టింగులు. ఒక్కో సిట్టింగుకీ వెయ్యికి పైగా కదలికలు. ఇందాక ఎంతన్నాం? ముప్ఫై రెండు. ఇక్కడ వెయ్యి! పన్నెండు వారాలకి చూస్తే మామూలు చికిత్సకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 36 వారాలకి చూస్తే తేడా వచ్చింది, చెయ్యి ఎంత బాగా కదులుతుందో చూసే 66 పాయింట్ల కొలతలో సుమారు మూడు పాయింట్లు. థెరపిస్టు కూడా అంతే తీవ్రంగా, అన్నిసార్లూ చేయించిన జట్టుతో పోలిస్తే? సమానం.

2019లో బ్రిటన్ వాళ్ళు ఇంకా పెద్దది చేశారు. 770 మంది. రోబో జట్టులో చెయ్యి పనితీరు అనుకున్నంత బాగుపడినవాళ్ళు నూటికి 44. మామూలు చికిత్సలో 42. రోబో లేకుండా, థెరపిస్టు దగ్గరుండి ఇంటిపనులే ఎక్కువగా సాధన చేయించిన జట్టులో 50. రోబో జట్టులో కండల కదలిక మెరుగైంది, కానీ చొక్కా గుండీ పెట్టుకోవడంలోకి, కప్పు ఎత్తుకోవడంలోకి అది దిగలేదు. తెర మీద చుక్కలు అందుకోవడం వచ్చింది, చుక్కలే వచ్చాయి.

ఈ రెండు పరీక్షలూ చూసి మా రంగంలో కొందరు డీలా పడ్డారు. నేను పడలేదు. నాకు అవి ఓటమిలా కనిపించవు. వెయ్యిసార్లు విసుగులేకుండా సాధన చేయించే యంత్రం చేతికొచ్చింది, థెరపిస్టుతో సమానంగా నిలబడింది. థెరపిస్టే దొరకని చోట అది చిన్న విషయమా? ఏం సాధన చేయించాలన్నది ఇంక మనం తేల్చుకోవాలి.

ఇక రెండో పాయ. కదలిక తిరిగిరాదని తేలిపోయినవాళ్ళు. మెడ దగ్గర వెన్నుపాము తెగినవాళ్ళు, కండరాల క్షీణత ఉన్నవాళ్ళు. ఇక్కడైనా రోబో మొత్తం చేసేస్తే బాగుంటుంది కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

1987లో ఇంగ్లండ్‌లో కీల్ విశ్వవిద్యాలయంలో మైక్ టాపింగ్ అనే ఆయన సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు స్వాధీనంలో ఉండని స్థితి, ఉన్న ఒక కుర్రాడి కోసం అన్నం తినిపించే చిన్న రోబో కట్టాడు. హ్యాండీ-1 అని పేరు. ఆ తర్వాత వీల్‌చైర్‌కి బిగించే చేతులొచ్చాయి. కెనడాలో మాంట్రియల్ దగ్గర తయారైన జాకో అలాంటిదే. మంచి చెయ్యి. కానీ చూడండి, దానికి ఆరు కీళ్ళు, ఆపైన వేళ్ళు. నడిపే జాయ్‌స్టిక్‌కి ముందూ వెనకా, అటూ ఇటూ, మహా అయితే తిప్పడం. ఏం చేస్తాం? మోడ్ మార్చాలి. ఒక మోడ్‌లో చెయ్యి కదులుతుంది, మీట నొక్కితే మణికట్టు తిరుగుతుంది, మళ్ళీ నొక్కితే వేళ్ళు మూసుకుంటాయి. గ్లాసు ఎత్తుకోవాలంటే నొక్కుతూనే ఉండాలి. ఒక పరిశోధనలో కొలిస్తే పని మొత్తం సమయంలో ఆరో వంతు మోడ్ మార్చుకోవడానికే పోయింది. చాలా విసుగొచ్చే పని.

అందుకని ప్రోగ్రామే సగం పని చేసిపెట్టే పద్ధతి వచ్చింది. మద్రాసు ఐఐటీలో చదివిన సిద్ధార్థ శ్రీనివాస వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాకో చేతికి ఫోర్కు ఇచ్చి తినిపించే రోబో చేశారు. ద్రాక్షపండుని ఎలా గుచ్చాలి, అరటిపండు ముక్కని ఎలా గుచ్చాలి, నోటికి ఏ కోణంలో అందించాలి... ఒక్కోటీ ఒక పరిశోధన. 2020లో వాళ్ళు వాడకందార్లనే అడిగి చూశారు, రోబో తనంతట తను ఎక్కువ చేస్తే మీకు ఇష్టమా అని. తేలిందేమిటి? ఎక్కువ చేసినంత మాత్రాన ఎక్కువ నచ్చలేదు. ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ఒంటరిగా తింటున్నప్పుడు నోటితో చెప్పి నడిపించడం ఇష్టమన్నారు. నలుగురితో కూర్చుని తింటున్నప్పుడు మాత్రం తెర మీద నొక్కి నడిపిస్తామన్నారు. ఎందుకో ఊహించండి. బంతిలో కూర్చుని కబుర్లాడుతూ మధ్యమధ్యలో "ముద్ద పెట్టు, ముద్ద పెట్టు" అని ఎవరంటారండీ? ఈ సంగతి ఏ ఇంజనీరుకైనా తట్టిందా? అడిగితే తెలిసింది.

ఇంకా ముందుకెళితే మెదడులో ఎలక్ట్రోడ్లు, అంటే మెదడు పంపే కబుర్లు పట్టే సన్నని సూదులు. 2011లో బ్రెయిన్‌గేట్ అనే ప్రయోగంలో, దాదాపు 15 ఏళ్ళుగా కాళ్ళూ చేతులూ కదపలేని ఒకావిడ కేవలం తలపుతో రోబోచేతిని నడిపి కాఫీ సీసా అందుకుని స్ట్రాతో తాగింది. మరుసటేడు ఆ పేపరు వచ్చింది. ఆవిడ ఆ గుక్క తాగాక నవ్విన నవ్వు వీడియోలో ఉంది. దొరికితే చూడండి, నేను చెప్పడం అనవసరం.

ఒక పక్కమాట. సాయపడేదల్లా రోబోనే కానక్కర్లేదు. మన హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న ఇనప చట్రాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, కలాంగారి బృందం క్షిపణికి వాడే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేసిచ్చింది. అందులో మోటారు లేదు, చిప్పు లేదు. బరువు తగ్గింది, పిల్లలు పరిగెత్తారు. మా విద్యార్థి ఎవరైనా మోటారు పెడతానంటే ముందు ఈ కథ చెబుతాను. మోటారు లేకుండా అవుతుందేమో చూశావా అని.

మూడో పాయకి వస్తున్నాను, ఇది త్వరగా ముగిస్తాను. హోర్డింగుల రోబో.

ఇందులో రెండు రకాలున్నాయి, జనం కలిపేస్తారు. కడుపు ఆపరేషన్లకి ఎక్కువగా వాడేది డావించి. అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. దానికి సొంత బుద్ధి ఏమీ లేదండీ. సర్జన్ అదే గదిలో ఒక మూల కూర్చుని పిడులు పట్టుకుని కదుపుతాడు, పేషెంటు కడుపులో పనిముట్లు అలాగే కదులుతాయి. చెయ్యి మూడు సెంటీమీటర్లు కదిపితే లోపల ఒక సెంటీమీటరు కదిలేలా పెట్టుకోవచ్చు. చేతి వణుకుని వడగడుతుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే మామూలు కీహోల్ ఆపరేషన్ పనిముట్టుకి మణికట్టు ఉండదు, దీనికి ఉంటుంది. గొప్పే. కానీ ఏళ్ళ తరబడి దానిలో ఒకటి లేదు: స్పర్శ. దారం ఎంత బిగిందో సర్జన్ చేతికి తెలియదు, కళ్ళతో చూసి పోల్చుకోవాలి. కుట్టు పక్కన కణజాలం తెల్లబడిందా అని చూసి పట్టు తగ్గిస్తాడు. బలం తెలిసే పనిముట్లు 2024లో అనుమతి పొందిన కొత్త మోడల్‌తో వచ్చాయి. అంటే కొలిచి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రెండో రకం ఎముకలవి. 1992లో కాలిఫోర్నియాలో రోబోడాక్ అనేది మనిషి తుంటి ఎముకని స్కాన్ ప్రకారం తనే తొలిచింది. అంతకుముందు కుక్కలకి చేసి చూశారు. అది స్వతంత్రంగా చేసే రకం. లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయన్ డేవిస్ బృందం ఇంకో దారి పట్టింది. రంపం పట్టుకునేది సర్జనే. ఎముక ఎంతవరకు కొయ్యాలో ముందే గీత గీసి పెడతారు. గీత లోపల ఎటు కదిపినా రోబో లొంగుతుంది, గీత దాటబోతే గోడ తగిలినట్టు ఆపేస్తుంది. ఇప్పుడు మన నగరాల్లో మోకాలికి వాడే వాటిలో పేరున్న మాకో ఈ దారిలోదే. ఇందాక హోగన్ స్ప్రింగు చెప్పాను, గుర్తుందా? ఇక్కడ గీత లోపల స్ప్రింగు మెత్తన, గీత దగ్గర రాయి.

డబ్బు ఎక్కువ పెట్టినందుకు ఫలితం ఎక్కువుంటుందా? ఆపరేషన్ని బట్టి. 2017లో పెద్దపేగు చివరి భాగం కేన్సరుకి, 471 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి చూశారు. మధ్యలో కీహోల్ మానేసి కడుపు తెరవాల్సి వచ్చింది రోబో జట్టులో నూటికి 8, మామూలు కీహోల్‌లో 12. ఆ తేడా కూడా కాకతాళీయం కాదని చెప్పడానికి చాలలేదు. కాబట్టి ఆసుపత్రిలో అడగాల్సింది "రోబో ఉందా" అని కాదు, "ఈ ఆపరేషన్ మీరెన్ని చేశారు సార్" అని. అడగడానికి మొహమాటపడకండి.

టైమైపోతోందని చెయ్యి ఊపుతున్నారు. ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఇవన్నీ అమెరికా, స్విట్జర్లాండ్ ధరల యంత్రాలు. మన దగ్గర ఏం జరగాలి? వేలూరు సీఎమ్‌సీ, మద్రాసు ఐఐటీ కలిసి చేసిన ప్లూటో అని ఒకటుంది. చేతి కోసం. ఒక్కటే మోటారు, పైన పిడులు మార్చుకుంటారు. ఒక పిడి పెడితే మణికట్టు, ఇంకోటి పెడితే ముంజేతిని తిప్పడం, ఇంకోటి పెడితే అరచెయ్యి తెరిచి ముయ్యడం. బల్ల మీద పట్టేస్తుంది. మూడు కీళ్ళకి మూడు మోటార్లెందుకు, పేషెంటు ఒకసారికి ఒకటే సాధన చేస్తాడు కదా అన్న ఆలోచన. ఇంజనీరింగ్ పిల్లలూ, ఇలాంటి తెలివి కావాలి మనకి.

ఆ, అడగండమ్మా. గట్టిగా అడగండి, వెనకవాళ్ళకి వినపడదు.

అమ్మాయి అడుగుతోంది, వాళ్ళ నాన్నగారికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చిందట. కుడి చెయ్యి కొంచెం లేస్తుంది, వేళ్ళు విచ్చుకోవు. ఇప్పుడు రోబో థెరపీ పెట్టిస్తే లాభమేనా అని.

చూడమ్మా, నేను డాక్టర్ని కాదు, ఆయన్ని చూసినవాళ్ళే చెప్పాలి. నాకు తెలిసినంతలో చెబుతాను. రెండేళ్ళయిందని ఆశ వదులుకోనక్కర్లేదు. ఇందాక చెప్పిన సైనికుల పరీక్షలో ఏళ్ళు గడిచినవాళ్ళే ఎక్కువ, వాళ్ళకీ మార్పు వచ్చింది. కొద్ది మార్పే, కానీ వచ్చింది. రోబో ఉన్న సెంటరుకి వెళితే అక్కడ చూడాల్సినవి చెబుతాను. వాళ్ళ దగ్గరున్నది వేళ్ళని పనిచేయిస్తుందా, భుజాన్నేనా? నాన్నగారి కష్టం వేళ్ళ దగ్గరుంది కాబట్టి భుజం రోబో ఎంత ఖరీదైనదైనా ఆయనకి పెద్దగా పనికిరాదు. రెండోది, ఆయన యంత్రం మీద ఉండగా నువ్వు పక్కన నిలబడి చూడు. సాయం తగ్గిస్తున్నారా, ప్రతి సిట్టింగుకీ ఒకే మోతాదులో ఉంచుతున్నారా? అడిగితే చూపించాలి, ఆ అంకె వాళ్ళ తెర మీదే ఉంటుంది. నాన్నగారు చెమట పట్టకుండా, టీవీ చూస్తున్నట్టు కూర్చుని లేస్తుంటే ఆ డబ్బు దండగ. మూడోది, రోబో మీద గంట అయ్యాక థెరపిస్టు ఆయన చేత గ్లాసు పట్టించడం, తువ్వాలు పిండించడం, ఇలాంటివేమైనా చేయిస్తున్నారా? లేకపోతే ఇంటికొచ్చాక మీరే చేయించండి. ఎంత దూరం వెళ్ళాలమ్మా సెంటరుకి? అంత దూరమా... అయితే రోజూ తిప్పకు. బస్సులోనే ఆయన బలమంతా పోతుంది. వారానికి రెండుమూడు రోజులు కుదురుతుందేమో వాళ్ళనే అడుగు, తక్కిన రోజులు ఇంట్లో ఏం చెయ్యాలో కాగితం మీద రాయించుకుని రా.

ఇంకెవరు? ఆ బాబు చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నాడు, మైకు అటు ఇవ్వండి.